పోర్ట్ పెట్టించుకునేవాళ్లకు, దేవరకొండ నుంచి

క్యాన్సర్‌కు ఎక్కించే కీమో మందుతో, రెండోసారికే నా చేతి నరాలు గట్టిపడ్డాయి. నాలుగుసార్లు గుచ్చితే గానీ సూది ఎక్కలేదు. అందుకే ఎవరు అడిగినా, మొదటి కీమోకు ముందే, చేతి నరాలకు బదులు మందు ఎక్కించడానికి ఒంట్లో పెట్టే పోర్ట్ గురించి డాక్టర్‌ను అడగమంటాను.

రూపాయి బిళ్ళంత చిన్న డబ్బా అది. కాలర్ బోన్ కింద, చర్మం లోపల పెడతారు. దాని సన్నని గొట్టం గుండె దగ్గరి పెద్ద సిరలోకి వెళ్తుంది. నాకు ఆ చోట మాత్రమే మత్తిచ్చారు, గంటలోపే అయిపోయింది. లోపలికి వెళ్లేముందే మీ జాకెట్ మెడ, లోపలి పట్టీ ఎక్కడికి వస్తాయో చూపించండి. నేను చూపించలేదు, ఇప్పటికీ పట్టీ ఒరుసుకుంటుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పాలి.

కుట్లు మానేదాకా తడి తగలనివ్వకండి, బిందెలు ఎత్తకండి.

దీనికి పోర్ట్ కోసమే చేసిన హ్యూబర్ సూదే వాడాలి. మామూలు సూదితో, గుచ్చే చోట డబ్బా మీదుండే రబ్బరులాంటి పొర పాడవుతుంది. మా ఊరి ఆర్‌ఎంపీ నీరసానికి సెలైన్ ఇందులోనే ఎక్కిస్తానన్నాడు. మా ఆయన అడ్డుపడ్డారు కాబట్టి సరిపోయింది. మందు ఎక్కించేముందు సిస్టర్ రక్తం వెనక్కి లాగి చూస్తుంది. మందు ఎక్కేటప్పుడు మంట, వాపు అనిపిస్తే ఓర్చుకోకండి, వెంటనే చెప్పండి.

కీమో అయిపోయినా పోర్ట్ ఉన్నన్నాళ్లు, డాక్టర్ చెప్పిన గడువుకు ఫ్లషింగ్, అంటే గొట్టం మూసుకుపోకుండా లోపల కడిగించడం, చేయించాలి. నాకు నెలకోసారి. నాట్లైనా, పెళ్లైనా ఆ రోజు హైదరాబాద్ బస్సెక్కుతాను.

జ్వరం 100.4 దాటినా, చలితో వణికినా, పోర్ట్ చుట్టూ ఎర్రబడినా, ఆ వైపు చెయ్యి, మెడ వాచినా తెల్లవారేదాకా ఆగకండి. మాత్ర వేసుకుని పడుకోకుండా ఆ రాత్రే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి.