ఇంగ్లీషు పదాలు తెలుసు, నోటికే రావు. ఏం చేయాలి?

2017లో శశి థరూర్ ఒక ట్వీట్‌లో 'ఫరాగో' అనే మాట వాడితే జనం డిక్షనరీల మీద పడ్డారు, వాట్సాప్‌లో దాని మీద జోకులే జోకులు. సరే, కలగాపులగం అని అర్థం తెలుసుకున్నాం. ఆ తర్వాత మీరు ఆ మాటని ఎన్నిసార్లు వాడారు? నేనైతే ఒక్కసారీ లేదు. అదే మీటింగ్‌లో మేనేజర్ "ఇది ఎందుకు లేటయింది" అని అడిగితే, చెప్పడానికి కావాల్సిన మాటలన్నీ మనకి తెలిసినవే అయినా, నోట్లోంచి మాత్రం "యాక్చువల్లీ, బేసికల్లీ, సమ్ ఇష్యూ" అనే వస్తుంది.

అంటే లోటు పదాల సంఖ్యలో లేదు. చూస్తే గుర్తుపట్టే పదాలు వేరు, మాట్లాడేటప్పుడు వాటంతట అవే వచ్చే పదాలు వేరు. మొదటి రకం మన దగ్గర వేలల్లో ఉంటాయి, రెండో రకం చాలా తక్కువ. ఈ మొదటి రకాన్ని రెండో రకంలోకి ఎలా మార్చుకోవాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. "రోజుకి పది కొత్త పదాలు" పోస్టర్లు కావాలంటే ఫేస్‌బుక్‌లో బోలెడు ఉన్నాయి.

మనకి ఈ లిస్టుల పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో నాకో ఊహ ఉంది. అమెరికా చదువుల కోసం జీఆర్ఈ రాసిన తరాలు ఒక పక్క పదం, ఇంకో పక్క అర్థం పెట్టుకుని వేల పదాలు బట్టీ కొట్టాయి. అప్పట్లో దానికి అర్థముంది, ఎందుకంటే పరీక్షలో వ్యతిరేక పదాలు, పదాల జతల పోలికలు నేరుగా అడిగేవాళ్లు. 2011 ఆగస్టులో ఆ రెండూ తీసేసి వాక్యంలో ఖాళీలు నింపే పద్ధతి పెంచారు. పరీక్ష మారింది గానీ మన అలవాటు మారలేదు. 'కమిట్' అంటే 'చేయు' అని ఒక్క ముక్కలో రాసుకున్నవాడు 'కమిట్ హోంవర్క్' అంటే తప్పు వాడిది కాదు, ఆ లిస్టుది. ఆ మాట నేరం, పొరపాటు లాంటివాటి పక్కన కూర్చుంటుందని అది చెప్పలేదు మరి.

ముందు పునాది చూసుకోండి. బ్రిటిష్ కాలంలో ఢాకాలో టీచర్ల శిక్షణ కాలేజీలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే ఆయన 1953లో దాదాపు 2,000 పదాల జాబితా ఒకటి వేశాడు, ఇవి వస్తే ఇంగ్లీషులో చాలా భాగం గడిచిపోతుందని. దాన్నే 2013లో కొత్తగా, సుమారు 2,800 పదాలతో తిరగరాశారు. మామూలు ఇంగ్లీషు రాతల్లో వచ్చే పదాల్లో 90 శాతానికి పైగా ఇందులోవే. 'న్యూ జనరల్ సర్వీస్ లిస్ట్' అని వెతికితే ఉచితంగా దొరుకుతుంది. డౌన్‌లోడ్ చేసుకుని, అర్థం తెలిసిన పదానికి కాదు, ఈ నెలలో మీరు నోటితో వాడిన పదానికి మాత్రమే టిక్ పెట్టండి. టిక్ పడనివి ఎంత చిన్న చిన్న మాటలో చూస్తే ఆశ్చర్యపోతారు: టెండ్, రాదర్, అదర్‌వైజ్, లైక్లీ, మేనేజ్.

ఈ చిన్న మాటలతోనే భావం పలుకుతుంది. 'ఐ ఫినిష్డ్ ఇట్' అంటే పూర్తి చేశాను, అంతే. 'ఐ మేనేజ్డ్ టు ఫినిష్ ఇట్' అంటే నానా తంటాలు పడి ఎలాగోలా పూర్తి చేశాను. ఆ తంటాలన్నీ 'మేనేజ్డ్'లోనే ఉన్నాయి. 'ఐ ఎండెడ్ అప్ పేయింగ్ డబుల్' అంటే అనుకోలేదు గానీ చివరికి రెట్టింపు కట్టాల్సి వచ్చిందని. 'హీ టెండ్స్ టు ఫర్‌గెట్' అంటే వాడికి మర్చిపోయే గుణం కాస్త ఉందిలే అని, నేరుగా తిట్టకుండా చెప్పడం. 'ఐ హ్యాపెన్డ్ టు సీ' అంటే కావాలని కాదు, అనుకోకుండా కంటపడింది. తెలుగులో 'ఎలాగోలా', 'తీరా చూస్తే', 'పాపం', 'కదా' లాంటివి ఎంత పని చేస్తాయో ఇవి అక్కడ అంత పని చేస్తాయి. పెద్ద పదాల జోలికి వెళ్లేముందు ఇలాంటివి ఓ యాభై మీ నోటికి అలవాటైతే మీ మాట తీరే మారిపోతుంది.

ఇప్పుడు నోట్‌బుక్ సంగతి. పదం రాసి గీత గీసి అర్థం రాయడం ఇవాళ్టితో మానేయండి. పదాలు ఒంటరిగా తిరగవు. కుండపోతగా వాన పడుతుంది గానీ కుండపోతగా ఎండ కాయదు, ఇది మనకి ఎవరూ నేర్పలేదు, చిన్నప్పటి నుంచి విన్నాం కాబట్టి వచ్చింది. ఇంగ్లీషులో ఆ వినికిడి మనకి తక్కువ కాబట్టి రాసుకోవాలి: 'హెవీ రెయిన్', 'స్ట్రాంగ్ విండ్', 'మేక్ ఎ డెసిషన్', 'టేక్ ఎ రిస్క్', 'మీట్ ఎ డెడ్‌లైన్'. అంటే ముక్క మొత్తం రాయండి. దాని కింద అది ఎక్కడ కనపడిందో ఆ వాక్యం. ఆ కింద మీ జీవితంలో నిజంగా జరిగినదాని మీద ఒక వాక్యం. 'రామా ఈజ్ ఎ గుడ్ బాయ్' టైపు వద్దు. మీ ఇంటి ఓనరు, మీ బస్సు, మీ అత్తగారు, మీ ఆఫీసు ఏసీ, వీటి మీద రాయండి, గుర్తుంటుంది. రోజుకి రెండు మూడు ముక్కలు చాలు.

ఏ పదం పక్కన ఏది వస్తుందో తెలియకపోతే 'స్కెల్' అనే ఉచిత సైట్ ఉంది, పదం కొడితే దానితో ఎక్కువగా జతపడే మాటలు, ఉదాహరణ వాక్యాలు చూపిస్తుంది. డిక్షనరీ అంటారా, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసమే చేసిన లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి. లాంగ్‌మన్ వాళ్లు దాదాపు 2,000 తేలిక పదాలతోనే అర్థాలన్నీ చెబుతారు. ఇంగ్లీష్-తెలుగు నిఘంటువు కూడా దగ్గర పెట్టుకోండి, తప్పేం లేదు, తెలుగులో అర్థం చూస్తే ఇంగ్లీషు రాదనే మాట నేను నమ్మను. కాకపోతే అర్థం దగ్గరే ఆగిపోకుండా ఉదాహరణ వాక్యం దాకా వెళ్లండి.

కొంచెం ఎక్కువసేపు ఆగాల్సింది మనసులో మాటల దగ్గర. మనవాళ్ల ఇంగ్లీషులో హ్యాపీ, శాడ్, యాంగ్రీ, టెన్షన్ అనే నాలుగు స్తంభాల మీద మొత్తం ఇల్లు నిలబడుతుంది. కోపమే తీసుకోండి. చిరాకేస్తే 'అనాయ్డ్', మనసు కష్టపెట్టుకుంటే 'అప్‌సెట్', ఎంత చేసినా పని కావట్లేదన్న విసుగైతే 'ఫ్రస్ట్రేటెడ్', ఒళ్లు మండిపోతే 'ఫ్యూరియస్'. కస్టమర్‌కి రాసే మెయిల్‌లో 'యాంగ్రీ' అంటే గొడవ పెట్టుకున్నట్టు ఉంటుంది, 'డిసపాయింటెడ్' అంటే పని జరుగుతుంది. మనం 'సిగ్గు' అనే ఒక్క మాటతో సరిపెట్టేచోట కూడా మూడు దారులున్నాయి: కొత్తవాళ్ల ముందు బిడియమైతే 'షై', నలుగురిలో పరువు పోయినట్టుంటే 'ఎంబరాస్డ్', తప్పు చేశానని లోపల కుమిలితే 'అషేమ్డ్'. ఇవి తారుమారు చేస్తే అవతలివాళ్లకి వేరే కథ అర్థమవుతుంది. ఇక 'హీ ఫెల్ట్' అని ఆపేయడం మన ప్రత్యేకత, 'ఫీలయ్యాడు' అనే తెలుగు మాట చలవ. ఏం ఫీలయ్యాడో చెప్పకపోతే ఇంగ్లీషులో వాక్యం పూర్తికాదు: 'హీ ఫెల్ట్ హర్ట్', లేదా ఇంకా బాగా చెప్పాలంటే 'హీ టుక్ ఇట్ టు హార్ట్'.

సరిగ్గా సరిపోయే పదం లేనప్పుడు చుట్టూ తిరిగి చెప్పడం కూడా నైపుణ్యమే, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. 'మొహమాటం' ఇంగ్లీషులో ఒక్క ముక్కలో చెప్పండి చూద్దాం. కుదరదు. కానీ 'ఐ ఫెల్ట్ టూ ఆక్వర్డ్ టు సే నో' అంటే పని అయిపోయింది, 'ఐ డిడ్ నాట్ హ్యావ్ ది హార్ట్ టు రిఫ్యూజ్' అంటే ఇంకొంచెం మెత్తగా వచ్చింది. దీన్ని ఆటలా ఆడండి: ఎంగిలి, దిష్టి, పంతం, వెటకారం, ఆరాటం, ఇలాంటి మాట రోజుకొకటి తీసుకుని తెలుగు రాని తోటి ఉద్యోగికి చెబుతున్నట్టు రెండు వాక్యాల్లో చెప్పి చూడండి. ఎక్కడ నత్తి వస్తుందో అక్కడే మీకు కావాల్సిన పదం దాక్కుని ఉంది, వెళ్లి అది వెతుక్కోండి. ఇలా దొరికిన పదం లిస్టులో దొరికిన పదం కంటే గట్టిగా అతుక్కుంటుంది.

మర్చిపోవడం గురించి బెంగ వద్దు. నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా జారిపోతుందని ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. మందు కూడా అందులోనే ఉంది: మర్చిపోబోయే సమయానికి మళ్లీ గుర్తు చేసుకోవడం, ఇవాళ, రేపు, నాలుగు రోజులకి, పది రోజులకి, నెలకి. చదవడం కాదు, గుర్తు చేసుకోవడం. నోట్‌బుక్ తెరిచి కళ్లతో తడిమితే అన్నీ తెలిసినట్టే ఉంటాయి, అదో మోసం. అందుకే కార్డు మీద ఖాళీ పెట్టి రాయండి: 'ఐ ___ టు ఫినిష్ ఇట్ బిఫోర్ లంచ్', వెనక 'మేనేజ్డ్'. ఫోన్‌లో అయితే 'యాంకీ' అనే యాప్ ఈ లెక్కలన్నీ అదే చూసుకుంటుంది, ఆండ్రాయిడ్‌లో, కంప్యూటర్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బులు పెట్టి కొనాలి. వేరేవాళ్లు చేసిపెట్టిన రెడీమేడ్ కార్డులు మాత్రం దించుకోకండి, కార్డు మన చేత్తో తయారుచేయడంలోనే సగం చదువు ఉంది.

వేర్లు, ఉపసర్గలు నేర్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. నేర్చుకోవచ్చు, తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకి ఇది కొత్త కూడా కాదు: ఆహారం, విహారం, ప్రహారం, సంహారం, పరిహారం, ముందు చేరిన ముక్క మారితే తినే కూడు కాస్తా చావు అవుతుంది. ఇంగ్లీషులో 'ట్రాక్ట్' అంటే లాగడం, అట్రాక్ట్, డిస్ట్రాక్ట్, ఎక్స్‌ట్రాక్ట్, సబ్‌ట్రాక్ట్ అన్నీ దాని పిల్లలే. అయితే తెలిసిన పదాన్ని గుర్తుపెట్టుకోవడానికే వాడండి. తెలియని పదం అర్థం దీనితో ఊహిస్తే ఆహారం చూసి సంహారం ఊహించినట్టే ఉంటుంది.

చదవడానికి ఏం ఎంచుకోవాలి? మీకు ముందే తెలిసిన విషయం. రాత్రి చూసిన క్రికెట్ మ్యాచ్ రిపోర్టు, పొద్దున్నే తెలుగు పేపర్లో చదివిన అదే వార్త ఇంగ్లీషు పేపర్లో. కథ తెలుసు కాబట్టి పదాలు వాటంతట అవే విప్పుకుంటాయి. నాకు ఇంకా ఇష్టమైన చిట్కా ఒకటుంది: డైలాగులతో సహా మీకు కంఠతా వచ్చిన తెలుగు సినిమా ఓటీటీలో పెట్టి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి. డైలాగ్ రాబోయే ముందు పాజ్ చేసి, దీన్ని ఇంగ్లీషులో ఎలా అంటారో మీరే ఒకటి చెప్పి, తర్వాత తెర మీద ఏం వచ్చిందో చూడండి. కొన్నిచోట్ల వాళ్లది బాగుంటుంది, కొన్నిచోట్ల మీదే బాగుంటుంది. పాటలప్పుడు మాత్రం కట్టేయండి, ఆ అనువాదాలు నవ్వుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

స్కూల్లో మనం రాతల ఇంగ్లీషు నేర్చుకున్నాం కాబట్టి మాటలో కూడా పోస్ట్‌పోన్, టాలరేట్, డిస్కవర్ అంటాం. తప్పు కాదు, కానీ మామూలు కబుర్లలో ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లు 'పుట్ ఆఫ్', 'పుట్ అప్ విత్', 'ఫైండ్ ఔట్' అనే ఎక్కువగా అంటారు. అలాగే మన దేశంలో చెల్లేవన్నీ బయట చెల్లవు. 'ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2019' అంటే అమెరికా వాడు మీరు ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయారనుకుంటాడు, 'గ్రాడ్యుయేటెడ్' అనండి. ప్రశ్న అడగాలంటే 'డౌట్' కాదు, 'క్వశ్చన్'. 'ప్రీపోన్' హైదరాబాద్ ఆఫీసులో హాయిగా వాడుకోండి, డాలస్‌లో 'మూవ్ ఇట్ అప్' అనండి. 'డిస్కస్ అబౌట్'లో 'అబౌట్', 'కోప్ అప్ విత్'లో 'అప్' ఎక్కువయ్యాయి, తీసేయండి.

ఉచ్చారణ గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే పదం సరైనదే అయినా ఒత్తు తప్పు చోట పడితే అవతలివాడికి అందదు. తెలుగులో అక్షరాలన్నీ దాదాపు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒక్కచోట ఊది మిగతావి మింగేస్తారు. 'డెవలప్'లో బలం 'డె' మీద కాదు, 'వె' మీద. 'హోటల్'లో రెండో భాగం మీద. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి చోట పడేది 'ఫొటోగ్రాఫర్'కి వచ్చేసరికి రెండో చోటికి, 'ఫొటోగ్రాఫిక్'లో మూడో చోటికి జరుగుతుంది. 'యూగ్లిష్' అనే సైట్‌లో పదం కొడితే యూట్యూబ్ వీడియోల్లో నిజం మనుషులు ఆ మాట అన్న చోట్లే వరసగా వినిపిస్తుంది. కార్డు తయారుచేసేటప్పుడే అక్కడ నాలుగైదు సార్లు విని, వాళ్లతో పాటు పైకి అనండి.

ఇక పరీక్ష. వారానికోసారి ఫోన్‌లో రెండు నిమిషాల వాయిస్ నోట్ రికార్డ్ చేయండి, ఆ వారం మిమ్మల్ని బాగా విసిగించిన సంగతి గురించి, ఎవరికీ పంపక్కర్లేదు. తర్వాత పెన్ను పట్టుకుని వినండి. 'వెరీ', 'నైస్', 'థింగ్', 'యాక్చువల్లీ', 'లైక్ దట్ ఓన్లీ' వచ్చిన ప్రతిచోటా గీత పెట్టండి. ఎక్కువ గీతలు పడ్డ రెండు చోట్లు తీసుకుని, అక్కడ అసలు ఏం చెప్పాలనుకున్నారో తెలుగులో రాసుకుని, దానికి సరిపోయే ముక్క వెతికి, కార్డు చేసి, అదే సంగతి మళ్లీ రికార్డ్ చేయండి. వచ్చే వారం నేర్చుకోవాల్సిన పదాల లిస్టు అదే, ఇంకెవరి లిస్టూ అక్కర్లేదు.