ఓడిపోయిన కోచ్‌ని ప్రశ్న ఎలా అడగాలి?

అమెరికాలో సెప్టెంబర్ వచ్చిందంటే శనివారాలన్నీ కాలేజీ ఫుట్‌బాల్‌వే. మనం ఫుట్‌బాల్ అనే సాకర్ కాదిది. హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఒక్క మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలోనే లక్ష మందికి పైగా పడతారు. జట్టు ఓడిన రోజు వాళ్లందరి మనసులో ఒకటే ప్రశ్న ఉంటుంది. దాన్ని కోచ్ ఎదురుగా అడిగే అవకాశం మాత్రం ప్రెస్‌మీట్ గదిలోని కొద్దిమందికే దక్కుతుంది. అందులోనూ ఒక్కొక్కరికి వచ్చేది ఒక ప్రశ్న, మహా అయితే రెండు. అక్కడ చదువుకుంటూ క్యాంపస్ పేపర్‌కి రాసే మన పిల్లలెవరైనా ఉంటే, ఇది వాళ్లకి కూడా.

ముందుగా, ప్రశ్న మ్యాచ్ నడుస్తుండగానే తయారవ్వాలి. రిపోర్టర్లు కూర్చునే ప్రెస్ బాక్స్‌లో, బంతి ఆడిన ప్రతిసారీ ఏం జరిగిందో వరుసగా ఉన్న షీట్ ఇస్తారు: ఎన్నో డౌన్ (పది గజాలు ముందుకెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, గడియారంలో ఎంత టైం మిగిలింది. మ్యాచ్ మలుపు తిరిగిందనిపించిన చోట పెన్నుతో గీత పెట్టుకోండి. ఆట అయ్యేసరికి అలాంటి గీతలు మూడో నాలుగో ఉంటాయి. వాటిలో కోచ్ నిర్ణయం వల్ల జరిగింది ఏదో చూసి, దాన్నే పట్టుకోండి.

తర్వాత మాటలు కూర్చుకోవాలి. అసలు కష్టం ఇక్కడే. 'ఎలా అనిపిస్తోంది?' అంటే 'బాధగా ఉంది' అంటాడు, అంతే. 'డిఫెన్స్ గురించి చెప్పండి' అనేది ప్రశ్నే కాదు.

2023 అక్టోబర్ 7న మయామీ, జార్జియా టెక్ యూనివర్సిటీల మ్యాచ్ చూడండి. మయామీ 20-17తో ముందుంది. ఇంకా అర నిమిషం మిగిలింది, అవతలివాళ్ల దగ్గర గడియారాన్ని ఆపించే టైమ్‌అవుట్లు లేవు. ముందుగా బంతి అందుకునే క్వార్టర్‌బ్యాక్ దాన్ని పట్టుకుని మోకాలు నేలకి ఆనిస్తే చాలు, టైం అయిపోయి గెలిచినట్టే. మయామీ అలా చేయకుండా బంతిని పరిగెత్తే కుర్రాడి చేతికిచ్చింది. 26 సెకన్లు ఉండగా అది జారిపోయింది. జార్జియా టెక్ ఆ బంతితో చివరి క్షణాల్లో టచ్‌డౌన్ చేసి (బంతిని అవతలి చివరి గీత దాటించి) 23-20తో గెలిచింది.

ఇక్కడ 'ఇంత చిన్న విషయం ఎలా మర్చిపోయారు?' అంటే అది ప్రశ్న కాదు, తిట్టు. 'బంతి జారినప్పుడు ఏమనుకున్నారు?' అంటే తప్పంతా ఆ కుర్రాడి మీదకి వెళ్తుంది. నేనైతే ఇలా అడగమంటాను: 'కోచ్, మీరు ఆధిక్యంలో ఉన్నారు, వాళ్లకి టైమ్‌అవుట్లు లేవు. మోకాలు ఆనించకుండా పరిగెత్తించాలని ఎందుకు అనుకున్నారు?' ఇందులో ఎవరూ కాదనలేని విషయాలు రెండే, ప్రశ్న ఒక్కటే. మీ అభిప్రాయం ఎక్కడా లేదు. మోకాలు ఆనించాల్సిందని మయామీ కోచ్ మారియో క్రిస్టోబాల్ ఆ రాత్రే ఒప్పుకున్నాడు.

అడిగాక ఆగిపోండి. కోచ్ రెండు మూడు సెకన్లు మౌనంగా ఉంటే టెన్షన్‌తో 'అంటే, నా ఉద్దేశం...' అని మళ్లీ మొదలుపెడతాం. అలా చేస్తే తప్పించుకునే దారి మనమే చూపించినట్టు. పక్క రిపోర్టర్ ప్రశ్నకి సగమే జవాబు వస్తే, మీరు రాసుకున్నది పక్కన పెట్టి మిగతా సగం అడగండి. చెవి పెట్టి వినేవాళ్లకే ఇది సాధ్యం.

ఆటగాళ్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. 2015 అక్టోబర్ 17న మిషిగన్ 23-21తో ముందుండగా, ఇంకా 10 సెకన్లే ఉన్నాయి. బంతిని దూరంగా తన్నాల్సిన మిషిగన్ ఆటగాడు (పంటర్) దాన్ని సరిగా అందుకోలేకపోయాడు. ప్రత్యర్థి మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ దాన్ని టచ్‌డౌన్‌గా మార్చి 27-23తో గెలిచింది. ఆ కుర్రాడికి సోషల్ మీడియాలో చంపేస్తామని బెదిరింపులు వచ్చాయి. అందుకే అతని పేరు ఇక్కడ రాయడం లేదు. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరుతో సంపాదించుకోవచ్చు, నిజమే. అయినా వాళ్లు పందొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలు. పెద్ద కాలేజీల్లో కోట్ల జీతం తీసుకునేది కోచ్, నిర్ణయమూ అతనిదే. ప్రశ్న అతని నిర్ణయం మీదే ఉండాలి. 'వాడి వల్లే ఓడిపోయారా?' అని మాత్రం ఎప్పుడూ అడగకండి.

కోచ్ విసుక్కుంటే గొంతు పెంచకండి. అవే వివరాలు ఒక్కసారి నెమ్మదిగా చెప్పి, మళ్లీ అడగండి. అప్పుడూ చెప్పకపోతే, చెప్పలేదనే రాయండి.

'వీడియో చూశాక చెప్తాను' అనే జవాబు ఓడిన ప్రతి శనివారం వినిపిస్తుంది. అది అబద్ధమని అనుకోనక్కర్లేదు, మైదానం పక్కన నిలబడ్డవాడికి అన్నీ కనపడవు. ఆ మాటని తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే వారం మళ్లీ ప్రెస్‌మీట్ ఉంటుంది. అక్కడ ముందే చెయ్యెత్తండి: 'కోచ్, శనివారం వీడియో చూసి చెప్తానన్నారు. చూశారా? ఏం కనిపించింది?'