స్టేషన్ చుట్టూ పేట: ప్లాన్ గీసే ముందు నడక కొలవండి

లోకల్ రైలు స్టేషన్ చుట్టూ పేట వేయాలంటే మ్యాపు మీద 800 మీటర్ల వృత్తం గీయడం మామూలే. అందులో దాదాపు 200 హెక్టార్ల నేల పడుతుంది. అందులో ఎంతమేర స్టేషన్‌కు నిజంగా నడిచి రాగలరన్నది వేరే లెక్క. ప్లాట్‌ఫారం మెట్ల దగ్గర మొదలుపెట్టి ప్రతి దారీ నడవండి. నిమిషానికి 80 మీటర్లు, పెద్దవాళ్లకైతే 60. పది నిమిషాల్లో ఎక్కడికి చేరారో అక్కడ చుక్క పెట్టండి. చుక్కలన్నీ కలిపితే వచ్చే మేర వృత్తంలో 60 శాతం ఉంటే బాగున్నట్టే. సగం కూడా లేకపోతే ఇళ్ల సంగతి తర్వాత, ముందు దారులు తెరవాలి.

అడ్డుపడేవి సాధారణంగా పట్టాలు, ప్రహరీ గోడలు. పట్టాల అవతల గోడ వెనకున్న ఇంటికి ప్లాట్‌ఫారం 150 మీటర్లే, కానీ గేటు చుట్టూ తిరిగి రావాలంటే 900. అక్కడ సబ్‌వే వేస్తే దిగాల్సింది 4 మీటర్లు. అదే వంతెన అయితే కరెంటు తీగలు దాటాలి కాబట్టి ఎక్కాల్సింది 6, 7 మీటర్లు. అందుకే వీలైనచోట సబ్‌వేనే మంచిది. వెడల్పు 5 మీటర్లు ఉండాలి, మెట్లు దిగగానే అవతలి వెలుతురు కనబడాలి. నీళ్లు తోడే పంపుకు ఖర్చు రాయకపోతే మొదటి గట్టి వానకే మూతపడుతుంది. ప్లాట్‌ఫారం 250 మీటర్లుండి దారి ఒక్క కొసనే ఉంటే, రెండో కొసన దిగినవాళ్లకు 3 నిమిషాల నడక అదనం. రెండు కొసల్లోనూ దారి పెట్టండి.

కొత్తగా వేసే వీధుల్లో సందుకూ సందుకూ మధ్య 80 నుంచి 100 మీటర్లు చాలు.

ఆఫీసులు, కాలేజీలు మొదటి 300 మీటర్లలోనే పెట్టండి. ఇంటి నుంచి స్టేషన్‌కు సైకిల్ మీదైనా రావచ్చు, దిగిన చోట ఆ సైకిల్ ఉండదు. ఇళ్లు ఆ తర్వాత, ఆఫీసుల పైఅంతస్తుల్లోనూ. ప్రతి వీధిలో కింద షాపులు గీయడం పెద్ద పొరపాటు. షాపు బతికేది దాని ముందు నడిచి వెళ్లేవాళ్ల మీద, కాబట్టి జనం పెద్దగా నడవని వీధుల్లో చాలా షట్టర్లు ఏళ్ల తరబడి తెరుచుకోవు. స్టేషన్ నుంచి జనం ఇంటికెళ్లే ఒకటి రెండు వీధుల్లోనే ఎదురెదురుగా షాపులు ఉంచండి. మిగతాచోట్ల కింది అంతస్తు ఎత్తు 4.5 మీటర్లు ఇచ్చి ఇళ్లుగా వాడుకోనివ్వండి, గిరాకీ వచ్చినప్పుడు షాపులవుతాయి.

కారు పార్కింగ్ స్టేషన్ గుమ్మం ముందు వద్దు. తిరిగే దారితో కలిపి ఒక్కో కారుకు 25 నుంచి 30 చదరపు మీటర్లు పోతాయి, 400 కార్లకు కనీసం ఒక హెక్టారు. పేటలో అన్నిటికంటే విలువైన నేల అది. పార్కింగ్‌ను 400 మీటర్ల అవతలికి పంపి, గుమ్మం దగ్గర బస్‌స్టాపు, సైకిల్ స్టాండు పెట్టండి.

ఫుట్‌పాత్ కాగితం మీద 3 మీటర్లుంటుంది. చెట్టు తొట్టి, స్తంభం, కరెంటు బాక్సు పోగా నడవడానికి మిగిలేది ఒక్క మీటరు. కాబట్టి అవన్నీ పోగా మిగిలే వెడల్పే రాయండి: చిన్న వీధికి 2 మీటర్లు, స్టేషన్ వీధికి 4. గేట్ల దగ్గర ఫుట్‌పాత్‌ను కిందికి దించొద్దు, కారే ర్యాంపు ఎక్కి దిగాలి. మూల మలుపు వ్యాసార్థం 4 మీటర్లు దాటితే బండ్లు వేగం తగ్గించవు.

చివరగా, రాత్రి తొమ్మిదింటికి ఆఖరి ఇంటిదాకా ఒకసారి నడవండి. కిటికీ గాని తలుపు గాని లేని గోడ 20 మీటర్లకు మించి ఎక్కడ కనిపించినా ప్లాన్‌లో ఎర్ర గీత పెట్టండి.