ల్యుకేమియాకు క్రోమోజోమ్ పరీక్ష: స్లయిడు పాడవకుండా ఎలా చేయాలి?

నమూనా సోడియం హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత గొట్టంలోనే రావాలి. ఎన్నిసార్లు చెప్పినా ఊదా మూత గొట్టమే వస్తుంది, అందులో కణాలు సరిగా పెరగవు. ఎముక మజ్జ దొరికితే రక్తం జోలికి పోవద్దు. రక్తమే గతి అనుకుంటే అందులో బ్లాస్ట్ కణాలు (ఎదగని ల్యుకేమియా కణాలు) కనీసం 10 శాతమైనా ఉండాలి.

సీరం కలిపిన ఆర్‌పీఎంఐ 1640 మీడియంలో, 37 డిగ్రీల దగ్గర 24 గంటలకు ఒకటి, 48 గంటలకు ఒకటి కల్చర్ పెట్టండి. కణాలను విభజనకు పురిగొల్పే పీహెచ్‌ఏ వేయకండి. పుట్టుకతో వచ్చే లోపాల పరీక్షకు అది అవసరమే కానీ, ఇక్కడ వేస్తే ఆరోగ్యంగా ఉన్న టి-లింఫోసైట్లు విభజన చెందుతాయి. మీరు వాటినే చూసి అంతా బాగుందని రాసేస్తారు.

తర్వాత విభజనను మధ్యలో ఆపే కాల్సెమిడ్, కణాలను ఉబ్బించే 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 20 నిమిషాలు, మూడు పాళ్ల మిథనాల్‌కు ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ఫిక్సేటివ్‌తో కడగడం. ఫిక్సేటివ్ మొదట చుక్కచుక్కగా వేయాలి, ఒక్కసారిగా పోస్తే కణాలు ముద్దకడతాయి. అడుగున తెల్లటి ముద్ద మిగిలేదాకా కడగండి.

అసలు పని స్లయిడు మీద చుక్క వేయడం. పిప్పెట్‌ను తల ఎత్తుకు లేపి వదిలేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. క్రోమోజోములు విచ్చుకునేది చుక్క పడ్డ దెబ్బకు కాదు, ఫిక్సేటివ్ ఆరేటప్పుడు. కాబట్టి చూసుకోవాల్సింది గదిలోని తేమను, ఎత్తును కాదు. తేమ 50 శాతం, వేడి 20 నుంచి 25 డిగ్రీలు ఉంటే చాలు.

ముందు ఒకే ఒక్క స్లయిడు వేసి ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు కింద చూడండి. క్రోమోజోములు గుత్తిగా ఉండి చుట్టూ సైటోప్లాజం పొర కనిపిస్తే త్వరగా ఆరిపోయిందని అర్థం, తేమ పెంచండి. చెల్లాచెదురుగా పడి ఉంటే ఆరడం ఆలస్యమైంది, తేమ తగ్గించండి. ఈ రెండో తప్పే ప్రమాదకరం. కణం పగిలి ఒక క్రోమోజోమ్ పక్కకు పోతే 46కు బదులు 45 కనిపిస్తాయి, లేని మోనోసమీ 7 (రెండు 7వ క్రోమోజోముల్లో ఒకటి లేకపోవడం) పుట్టుకొస్తుంది. ఒకే క్రోమోజోమ్ లోపం మూడు కణాల్లో కనిపిస్తేనే క్లోన్ (ఒకే కణం నుంచి పుట్టిన అసాధారణ కణాల గుంపు) అనాలన్న నియమం అందుకే ఉంది. అదనపు క్రోమోజోముకూ, నిర్మాణ మార్పుకూ రెండు కణాలు చాలు. మొదటి స్లయిడు సరిగా వచ్చేదాకా రెండోది ముట్టుకోవద్దు.

స్లయిడ్లను ఒక రాత్రి 60 డిగ్రీల దగ్గర ఉంచి, ట్రిప్సిన్‌లో కొన్ని సెకన్లు ముంచి, గీమ్సా రంగు వేయండి. క్రోమోజోముల మీద ఇలా చారలు తేల్చడమే బ్యాండింగ్.

20 మెటాఫేజ్‌లు (విభజన మధ్యలో ఆగి క్రోమోజోములు విడిగా కనిపించే కణాలు) చూడాలి. చక్కగా విచ్చుకున్నవాటినే ఏరుకోకండి. ల్యుకేమియా కణాల క్రోమోజోములు తరచూ పొట్టిగా, అలుక్కుపోయినట్టు ఉంటాయి, అందమైనవి ఆరోగ్యకరమైన కణాలవే కావచ్చు.

ఫిష్ (ఎంచుకున్న క్రోమోజోమ్ భాగాలను మెరిసే ప్రోబ్‌లతో వెతికే పరీక్ష) ఉండగా ఇంత శ్రమ ఎందుకంటారు కొందరు. ఫిష్ అడిగినదానికే జవాబు చెబుతుంది. 1960లో బయటపడిన ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ (ఒక రకం ల్యుకేమియాలో కనిపించే పొట్టి 22వ క్రోమోజోమ్) నుంచి పోయిన ముక్క 9వ దానికి అతుక్కుందని 1973లో జానెట్ రౌలీ కనిపెట్టింది బ్యాండింగ్‌తోనే. ఒక్క 15;17 మార్పిడి (15, 17 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం; త్వరగా ప్రాణం తీయగల అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియాకు గుర్తు) విషయంలో మాత్రం ఫిష్‌కే నా ఓటు. ఆ అనుమానం ఉంటే కల్చర్ కోసం ఆగవద్దు. అదే రోజు ఫిష్ చేసి, నివేదిక టైపు చేయకముందే డాక్టరుకు ఫోను చేయండి.