ప్రాచీన కెల్టిక్ శాసనాల్లో క్రియాపదాన్ని గుర్తించి వ్యుత్పత్తి చూసే పద్ధతి

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాల్లో పెరిగినవారికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పూజలోనూ పాఠంలోనూ కొంత సంస్కృతం పరిచయమై ఉంటాయి. ఐరోపాలోని ప్రాచీన కెల్టిక్ భాషల (ఐరిష్, వెల్ష్ భాషలకు బంధువులైనవాటి) శాసనాల క్రియారూపాలను పరిశీలించదలచినవారికి ఈ పరిచయం ఎంతగానో తోడ్పడుతుంది. జాగ్రత్త లేకపోతే అంతగానూ దారి తప్పిస్తుంది. అందువల్ల ఒక క్రమాన్ని గట్టిగా పాటించాలి. క్రియను ముందుగా వాక్యంలో దాని స్థానాన్ని బట్టి గుర్తించాలి, తరువాత చివరి ప్రత్యయాన్ని విడదీయాలి, ధాతువు జోలికి అన్నిటికన్నా చివరనే పోవాలి.

మొదట చూడవలసినది లిపి. ఉత్తర ఇటలీలోని లెపోంటిక్ శాసనాలు ఎట్రుస్కన్ లిపి నుంచి పుట్టిన లుగానో లిపిలో ఉన్నాయి. దక్షిణ ఫ్రాన్సులోని గాలిష్ శాసనాలు మొదట గ్రీకు అక్షరాల్లోనూ, సీజరు దండయాత్రల తరువాత లాటిన్ అక్షరాల్లోనూ చెక్కారు. స్పెయిన్‌లోని కెల్టిబీరియన్ భాషకు ఐబీరియన్ లిపిని వాడారు. లుగానో లిపిలో త, ద అనే రెండు ధ్వనులకూ ఒకే అక్షరం ఉంటుంది కనుక, ప్రెస్తీనో శాసనంలో ‘తెతు’ అని కనబడే క్రియను ‘దెదు’ అని కూడా చదవవచ్చు. తమిళ లిపి చదవడం వచ్చినవారికి ఈ ఇబ్బంది కొత్త కాదు. లిపి సంగతి తేల్చుకోకుండా నిఘంటువు తెరిస్తే తకారంతో మొదలయ్యే ధాతువుల్లో వృథాగా వెతుకుతూ కూర్చోవలసి వస్తుంది.

స్థానాన్ని బట్టి క్రియను గుర్తించడం అలవడటానికి దూరం వెళ్లనక్కరలేదు. ఋషికుల్యా నది ఒడ్డున, పురుషోత్తంపూర్ దగ్గర ఉన్న జౌగడ కొండరాతి మీది అశోకుని మొదటి శాసనాన్ని తీసుకోండి. ‘ఇయం ధంమలిపి ఖేపింగలసి పవతసి దేవానంపియేన పియదసినా లాజినా లిఖాపితా’ అని దాని తొలి వాక్యం. గిర్నార్‌లో ఇదే వాక్యం పర్వతం పేరు లేకుండా ఉంటుంది, ‘లాజినా లిఖాపితా’ ఉన్న చోట ‘రాఞా లేఖాపితా’ ఉంటుంది. రెండింటినీ ఒకదాని కింద ఒకటి రాసుకుంటే, ఒకే చోటులో ఉన్న పదాలు ఒకే పని చేస్తున్నాయనీ, మారినది ప్రాంతీయమైన ఉచ్చారణ మాత్రమేననీ వెంటనే తెలుస్తుంది. అర్థం తెలిసిన శాసనాల మీద ఈ పని నాలుగైదుసార్లు చేసిన తరువాతనే అర్థం తెలియని శాసనాల దగ్గరకు వెళ్లడం మంచిది.

ఇప్పుడు 1839లో అలీజ్-సెంత్-రెన్ గ్రామంలో దొరికిన గాలిష్ శాసనాన్ని చూడండి. దాని ఆరంభం ‘మార్తియాలిస్ దన్నోతలి ఇఎఉరు ఉకుఎతె సోసిన్ కెలిక్నోన్’. దీని కింద వేజోన్ పట్టణంలో దొరికిన గ్రీకు లిపి శాసనాన్ని రాయండి. అందులో నీమ్ పౌరుడైన సెగోమారోస్ పేరు తరువాత ‘ఎయిఓరు బేలేసామి సోసిన్ నెమేతోన్’ అని ఉంటుంది. రెండు చోట్లా మొదట ఒక మనిషి పేరు ప్రథమా విభక్తిలో ఉంది, చివర ‘సోసిన్’ అనే నిర్దేశక పదంతో ఒక వస్తువు ద్వితీయలో ఉంది, మధ్యలో ఒక దేవత పేరు చతుర్థిలో ఉంది. మిగిలిన ‘ఇఎఉరు’, ‘ఎయిఓరు’ అనేవి ‘సమర్పించెను’ అనే అర్థం గల ఒకే క్రియకు రెండు రాతలని ధాతువు తెలియకుండానే చెప్పవచ్చు.

సరిగ్గా ఇక్కడే తెలుగువారికి ఒక ఉచ్చు ఉంది. ‘ఇఎఉరు’కు ‘ఇచ్చెను’ అనే అర్థం సరిపోతుంది కనుక మన ‘ఇయ్యు’ ధాతువు గుర్తుకు వచ్చి, రెండూ ఒకటేననే ఉత్సాహం కలుగుతుంది. ఆ ఉత్సాహాన్ని అక్కడే ఆపాలి. ‘ఇయ్యు’కు బంధువులు మన పొరుగునే ఉన్న కుయి భాషలోనూ, గోండీలోనూ ‘సీ’ అనే రూపంలో ఉన్నాయి. మూల ద్రావిడంలో ఈ ధాతువు మొదట ఒక హల్లు ఉండేదని వాటివల్ల తెలుస్తున్నది. గాలిష్ పదం చరిత్ర వేరు. ఇండో-యూరోపియన్ మూలభాషలోని పకారం కెల్టిక్ భాషల్లో పదాదిలోనూ అచ్చుల మధ్యనూ లోపిస్తుంది. లాటిన్ ‘పాటెర్’కు ప్రాచీన ఐరిష్‌లో ‘అథిర్’ ఉండటం ఇందువల్లనే. కాబట్టి ‘ఇఎఉరు’ను ‘పర్’ వంటి దానార్థక ధాతువుకు అభ్యాసం, అనగా ధాతువు మొదటి భాగం రెండుసార్లు రావడం, చేరిన పరోక్షభూత రూపంగా పలువురు పండితులు వివరించారు. ప్రాచీన ఐరిష్‌లోని ‘రో-ఈర్’, అనగా ‘ప్రసాదించెను’, దీనికి సాక్ష్యం. ధ్వని మార్పు నియమం లేని పోలికకు వ్యుత్పత్తిలో స్థానం లేదు.

దక్షిణ ఫ్రాన్సు శాసనాల్లో తరచుగా వచ్చే ‘దెదె’ అనే క్రియ ఇంతకన్నా సులభంగా కనబడుతుంది, లోతుకు వెళితే అంత సులభం కాదు. నీమ్ శాసనంలో ‘దెదె మాత్రెబో నమౌసికాబో’ అని ఉంది. ‘నీమ్ మాతృదేవతలకు ఇచ్చెను’ అని అర్థం. ‘మాత్రెబో’ను సంస్కృతంలోని ‘మాతృభ్యః’ పక్కన పెట్టి చూడండి, చతుర్థీ బహువచనం ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది. ‘దెదె’లోని అభ్యాసం కూడా సంస్కృత ‘దదౌ’ను తలపిస్తుంది. అయితే కెల్టిక్‌లో ద, ధ రెండూ దకారంగానే మిగిలాయి కనుక, దీని మూలం ‘ఇచ్చు’ అనే అర్థం గల దా ధాతువో, ‘ఉంచు’ అనే అర్థం గల ధా ధాతువో రూపాన్ని బట్టి మాత్రం తేల్చలేము. రెండింటినీ రాసుకోవడమే సరైన పని. ఒడియాలోని ‘దేబా’ కూడా ఈ కుటుంబానిదే అయినా, అది శతాబ్దాల మార్పుల తరువాతి రూపం కనుక దానిని నేరుగా గాలిష్‌తో పోల్చకూడదు.

ప్రత్యయం సరైన బంధువై, ధాతువు కాకపోయే సందర్భాలూ ఉన్నాయి. 1971లో షమాలియేర్ ఊటలో దొరికిన సీసపు రేకు మీద ‘ఉఎదియుమి’ అనే క్రియ ఉంది. మన చెవికి అది ‘వదామి’లా వినిపిస్తుంది. చివరి ‘-మి’ నిజంగానే సంస్కృత ఉత్తమ పురుష ఏకవచనానికి బంధువు. ధాతువు మాత్రం ప్రాచీన ఐరిష్ ‘గుదియు’, వెల్ష్ ‘గ్వెథి’ అనే ప్రార్థనార్థక పదాల వైపు చూపిస్తుంది, వద్ ధాతువుతో దానికి సంబంధం లేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు రామమూర్తి ముఖలింగం శాసనాల లిపిని స్వయంగా నేర్చుకున్నారు, సవర భాషను మాత్రం సవరల నోటనే విని రాసుకున్నారు. గాలిష్‌కు అలా అడిగి తెలుసుకోదగిన వక్త ఒక్కరూ లేరు. ఆ లోటును కొంతవరకు తీర్చేవి ఐరిష్, వెల్ష్ అనే సోదర భాషలే కనుక, సంస్కృతం కన్నా ముందు వాటిని సంప్రదించాలి.

సంస్కృతం పూర్తిగా వెలిగేది విధ్యర్థక రూపాల దగ్గర. 1970లో స్పెయిన్‌లోని బొటొర్రీటాలో దొరికిన కంచు పలక మీద ‘తతుజ్’ అనే రూపం ఉంది. లిపి స్వభావాన్ని బట్టి దానిని ‘దతుజ్’ అని చదివి, ‘ఇచ్చుగాక’ అని అర్థం చెబుతారు. పాణిని ‘తుహ్యోస్తాతఙ్ఙాశిష్యన్యతరస్యామ్’ అనే సూత్రంతో ‘జీవతాత్’ వంటి రూపాలను సాధించాడు. ఆ ‘-తాత్’, ప్రాచీన లాటిన్ ‘-తోద్’, కెల్టిబీరియన్ ‘-తుజ్’ మూడూ ఒకే ప్రత్యయం నుంచి వచ్చినవే. వ్యాకరణం చదివినవారు ఈ సూత్రం ఇక్కడ పనికివస్తుందని ఊహించి ఉండరు.

ప్రత్యయం ఒక్కటే చూసి పురుషను నిర్ణయించడం కూడా ప్రమాదమే. బనాసాక్ పాత్ర మీది ‘దెల్గు’ అంటే ‘నేను పట్టి ఉంచుతాను’. అక్కడ పాత్రే మాట్లాడుతున్నది. ఇటలీలోని టోడి ద్విభాషా శాసనంలోని ‘కర్నితు’ కూడా ఉకారాంతమే, కానీ అది ప్రథమ పురుష భూతకాలం. పక్కనే ఉన్న లాటిన్ పాఠం, కోయిసిస్ అనే కర్త పేరు ఆ సంగతిని నిర్ధారిస్తాయి. బ్రియోనా శాసనంలో కర్తలు పలువురు కనుక ‘కర్నితుస్’ అయింది.

నోటుపుస్తకంలో ప్రతి క్రియకూ ఐదు గడులు గీసుకోండి: పాఠం, స్థానం, ప్రత్యయం, సోదర రూపాలు, ధాతువు. సందేహాస్పదమైన అక్షరం కింద చుక్క పెట్టాలి, విరిగిపోయిన అక్షరాలను చదరపు కుండలీకరణాల్లో ఉంచాలి, పండితులు ఊహించి నిర్మించిన మూలరూపానికి ముందు నక్షత్రం గుర్తు వేయాలి. 1983లో దొరికిన లార్జాక్ సీసపు రేకు పొడవైనది, చాలా చోట్ల వివాదాస్పదమైనది కనుక దానిని ఆరంభంలో ముట్టుకోవద్దు. బూర్జ్ పాత్ర మీది ‘లెగసిత్’, అనగా ‘ఉంచెను’, సకారం చేరిన భూతకాలానికి చక్కని ఉదాహరణ.

చివరగా అలీజ్ శాసనంలోనే ఉన్న ‘దుగియొంతియో’కు రండి. ‘-ఒంతి’ని ‘భరన్తి’లోని బహువచన ప్రత్యయం పక్కన, కొసనున్న ‘-యో’ను సంస్కృత యచ్ఛబ్దం (‘ఎవరైతే’ అనే అర్థం గల ‘యః’) పక్కన రాయండి, ‘ఎవరైతే చేస్తారో’ అనే తీరులోని సంబంధార్థక క్రియ అని తేలుతుంది. ‘దుగ్’ అనే భాగంపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఐదో గడిని ఖాళీగా ఉంచి, మిగిలిన నాలుగూ నింపండి.