ఆన్‌లైన్‌లో ప్రత్యేక విద్య శిక్షణ: అంగి గుండీతో మొదలుపెట్టండి

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల పేర్లు జూమ్‌లో వల్లె వేయిస్తే ఛాత్రోపాధ్యాయులు పరీక్ష గట్టెక్కుతారు. పిల్లవాడి ముందు కూర్చుంటే మాత్రం చేతులాడవు. మొదటి వారమే ఒక పని అప్పజెప్పండి: అంగి గుండీ పెట్టుకోవడం నేర్పాలి.

ముందు తామే పెట్టుకుంటూ మెట్లు రాయాలి. మొదట అందరూ మూడో నాలుగో రాసి పంపుతారు. ‘గుండీ అంచు రెండు వేళ్లతో పట్టడం’, ‘కాజాలోకి సగం దూర్చడం’, ‘చెయ్యి మార్చి అవతలి నుంచి లాగడం’ ఇలా ఏడెనిమిది వచ్చేదాకా తిప్పి పంపండి. నేర్పేది మాత్రం చివరి మెట్టు నుంచి. మిగతాదంతా మనం చేసి, లాగడం ఒక్కటే పిల్లవాడికి వదలాలి. పని ముగించిన సంబురం మొదటి రోజే వాడికి దక్కుతుంది.

తర్వాత దగ్గర్లోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రం), అక్కడి టీచర్ సమక్షంలో, 3 నిమిషాల వీడియో తీయాలి. కెమెరా చేతుల మీదే ఉండాలి, ముఖం వద్దు. పాలమూరు పల్లెల్లో అమ్మానాన్నలు వలసలో ఉంటే నానమ్మ సరే అన్నా చాలదు, వాళ్లకు ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి లైవ్ డెమో పెట్టుకోకండి, సిగ్నల్ సగంలో పోతుంది. 480పీలో తీసి, రాత్రి అప్‌లోడ్ చేస్తే చాలు.

వీడియోలో ఒకటే లెక్కపెట్టండి: చెప్పాక ఎన్ని సెకన్లు ఆగారు? 5 ఆగాలి. రెండో సెకనుకే చెయ్యి పట్టేస్తే పిల్లవాడు సాయం కోసం చూడటమే నేర్చుకుంటాడు.

ఇంకో పొరపాటు, ఎదురుగా కూర్చోవడం. కుడి ఎడమలు తారుమారవుతాయి. వెనకో పక్కనో కూర్చోమనండి.