ఆర్‌సీ బ్యాటరీ పాఠాలు, 4వ భాగం: ఛార్జర్ కొనేముందు వాట్లు చూడండి

పోయిన పాఠంలో తప్పు నాదే. ఆర్‌సీ బండ్లకి, అంటే రిమోట్‌తో నడిపేవాటికి, వాడే లైపో (లిథియం పాలిమర్) ప్యాక్ మీది రాతలు చదవడం నేర్పుతూ 50సీ, 100సీ (సీ అంటే ప్యాక్ సామర్థ్యానికి అన్ని రెట్ల కరెంటు) గురించి చెప్పాను గానీ, అది బ్యాటరీ మోటారుకి ఇవ్వగలిగే కరెంటు అనీ, ఛార్జింగ్‌కీ దానికీ సంబంధం లేదనీ ఒక్క ముక్క రాయలేదు. దాంతో "5000 ఎంఏహెచ్, 50సీ... అంటే 250 ఆంపియర్ల ఛార్జర్ కొనాలా?" అని చాలామంది టెన్షన్ పడ్డారు. గుణకారం సరిగ్గానే చేశారు, చేయాల్సిన చోటు అది కాదు. ఛార్జింగ్‌కి 1సీ పట్టుకోండి. ఎంఏహెచ్‌ని 1000తో భాగిస్తే వచ్చేవే ఆంపియర్లు: 5000కి 5, 2200కి 2.2. ప్యాక్ మీద ఛార్జింగ్ రేటు 2సీ, 5సీ అని విడిగా రాసి ఉన్నా నేను మాత్రం 1సీ దాటను. గంట పైన పడుతుంది, పడనివ్వండి.

ఇక ఛార్జర్. బ్యాలెన్స్ పోర్టు (సెల్స్ అన్నిటినీ సమానంగా నింపడానికి), లైపో మోడ్, స్టోరేజ్ మోడ్ (దాచిపెట్టేముందు ప్యాక్‌ని దాదాపు సగానికి తేవడానికి) ఉండాలి. ఇందులో చర్చ లేదు. లైపోని పొరపాటున కూడా ఎన్ఐఎంహెచ్ (నికెల్ బ్యాటరీల) మోడ్‌లో పెట్టకండి, నిప్పు అంటుకోవచ్చు.

నాకు ఒళ్ళు మండేది ఒక్క విషయంలో. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో "6 ఆంపియర్లు" అని ఉంటుంది, ఓ మూల చిన్నగా "50 వాట్లు" అని. అందరూ పైది చూసి కొంటారు. నేనూ అలాగే కొన్నాను. 4ఎస్ (నాలుగు సెల్స్ వరుసగా కలిపిన) 5000 ఎంఏహెచ్ ప్యాక్ తగిలించి 5 ఆంపియర్లు సెట్ చేస్తే, తెర మీద అంకె 3.2 దగ్గరే కూర్చుంది. తీగ మార్చాను, కనెక్టర్ ఊడదీసి మళ్ళీ సోల్డర్ చేశాను. అదే 3.2. ఆ అంకె పక్కనే 15.6 వోల్టులని కనిపిస్తోంది, నేను చూస్తేగా! రెండూ గుణించండి, దాదాపు 50. ఛార్జర్ తన పని తాను చక్కగా చేస్తోంది.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. లైపో సెల్ నిండితే 4.2 వోల్టులు కాబట్టి 2ఎస్ 8.4, 3ఎస్ 12.6, 4ఎస్ 16.8, 6ఎస్ 25.2. మన 50 వాట్ల ఛార్జర్ 2ఎస్‌కి దాదాపు 6 ఆంపియర్లు ఇస్తుంది, అంటే డబ్బా మీది మాట అబద్ధమేం కాదు. అదే ఛార్జర్ 3ఎస్ నిండే వేళకి 4 ఇస్తుంది, 4ఎస్‌కి 3, 6ఎస్‌కి 2 కూడా రాదు. కనుక వెనక నుంచి లెక్క కట్టండి. 4ఎస్ 5000కి 16.8 ఇంటూ 5, అంటే 84. 100 వాట్లది తీసుకోండి. 6ఎస్ 5000కి 126, 150కి తగ్గొద్దు. ఇవాళ 2ఎస్ బండి నడుపుతున్నా రేపు 4ఎస్ కొంటారు, ఆ లెక్క ఇప్పుడే వేసుకోండి.

ఇదే మోసం ఇంకో రెండు వేషాల్లో వస్తుంది. రెండు పోర్టుల ఛార్జర్ మీద "200 వాట్లు" అంటే ఒక్కో పోర్టుకా, రెంటికీ కలిపా? కొన్ని ఛార్జర్లు గోడ ప్లగ్గు మీద 100 వాట్లే ఇస్తాయి, 200 కావాలంటే బయటి పవర్ సప్లై పెట్టాలి. ఆ సప్లై 12 వోల్టులు, 5 ఆంపియర్లదైతే అది ఇచ్చేదే 60. ఛార్జర్ ఎంత గొప్పదైతే ఏం లాభం?

డిశ్చార్జ్ వాట్లు (ఛార్జర్ ప్యాక్‌ని ఎంత వేగంగా దించగలదో) కూడా చూడండి, చాలావాటిలో 5 నుంచి 10 లోపే. నిండు 4ఎస్ 5000ని 5 వాట్లతో స్టోరేజ్‌కి దించాలంటే ఎనిమిది గంటల పని. నేనైతే బండి తిప్పి దించేస్తాను.

అభ్యాసం: మీ ప్యాక్‌లన్నిటికీ వాట్లు లెక్కగట్టండి. తర్వాత ఒక ప్యాక్‌ని గచ్చు మీద పెట్టి ఛార్జ్ చేస్తూ, పూర్తయ్యేదాకా కదలకుండా అయిదు నిమిషాలకోసారి వోల్టులు, ఆంపియర్లు రాసుకోండి. వోల్టులు పెరగడం ఆగి ఆంపియర్లు పడిపోవడం మొదలైన చోట గీత గీయండి. ఆ కాగితం పారేయొద్దు, వచ్చే పాఠం ఆ గీత దగ్గరే మొదలవుతుంది.